ఆరున్నొకటో చుట్టు

మా చిన్న రైలు పట్టాలు యుద్ధానికి కావాలని పీక్కుపోయిన సంవత్సరం నాకు ముప్పై తొమ్మిది నిండాయి. ధర్మపురి నుంచి పాలక్కోడు, మారండహళ్ళి మీదుగా పోయే ఆ ఇరుకు పట్టాల మీద పదహారేళ్ళు గ్యాంగులో లెక్క మనిషిగా పనిచేశాను. ఎన్ని స్లీపర్లు మార్చారు, ఎన్ని బుట్టల కంకర పడింది, కట్టకు మట్టి తవ్విన గుంత పొడవెంత, వెడల్పెంత, లోతెంత, ఇదే నా పని. నేను నోటితో అంకె చెబితే మేస్త్రీ రాసుకునేవాడు. బడికి పోయినవాణ్ణి కాను. మా తాత చేత్తో రాసుకున్న ఎక్కాల పుస్తకం ఒకటి ఇంట్లో ఉండేది. దాన్ని పట్టుకునే తెలుగు అక్షరాలు, కాలు, అర, ముప్పాతిక ఎక్కాలు నేర్చుకున్నాను. మా వాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను అరవంలో మాట్లాడుతూనే లోపల తెలుగులో కూడుకునేవాణ్ణి. లెక్క వేరే భాషలో నాకు నడవదు.

పట్టాలు పోయాక నాకు బావుల కాంట్రాక్టరు దగ్గర తవ్విన మట్టి కొలిచే పని దొరికింది. నాకంటే పదమూడేళ్ళు చిన్నవాడు నా తమ్ముడు. అదే గ్యాంగులో కూలీ. వాడికి ఏమీ దొరకలేదు. గోడలు కట్టేచోట రాళ్ళు మోసేవాడు. వారంలో నాలుగు రోజులు పని ఉంటే మూడు రోజులు ఉండేది కాదు. పెళ్ళాం, మూడేళ్ళ కూతురు, కడుపులో ఇంకొకటి. మా రెండు కుటుంబాలకూ ఒకటే పెరడు, వంటలు వేరు.

ఆ రోజుల్లో తూర్పున ఎక్కడో అడవుల్లో యుద్ధానికి రోడ్లు వేస్తున్నారని, కూలీలను రైళ్ళలో నింపి తీసుకుపోతున్నారని చెప్పుకునేవాళ్ళు. మనుషులను చేర్చే మేస్త్రీలు వీధి వీధి తిరిగేవాళ్ళు. మా వీధి నుంచి అప్పటికే ఐదుగురు పోయారు. ఇద్దరి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. మా తమ్ముడు మేస్త్రీ మాట వింటూ అరుగు మీద కూర్చున్నాడంటే మా మరదలు లోపల గిన్నెలు దబదబా పడేసేది. ఖాయం పని ఏదైనా ఒకటి దొరికితే తప్ప వాడు ఒక రోజు ఆ మేస్త్రీ వెంట పోతాడని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

అలాంటప్పుడు ఒక సర్కారు ఆఫీసు నుంచి దండోరా వచ్చింది. రైలు లేదు, పెట్రోలు లేదు, పెన్నాగరం దాటి ఏరియూరు వైపు ఊళ్ళకు కాగితాలు మోయడానికి కాలి మనుషులు ఇద్దరు కావాలి. ఖాయం ఉద్యోగం. బట్ట, నెలకింత ధాన్యం ఆఫీసే ఇస్తుంది. ఈ పనిలో ఉన్నవాణ్ణి ఏ మేస్త్రీ తీసుకుపోలేడు. పరీక్ష మాత్రం పరుగు. ఖాళీ అయిపోయిన స్టేషను ఆవరణ చుట్టూ మైలు చొప్పున ఇరవై ఆరు చుట్లు, ఐదు గంటల్లోపు. రోడ్డు మీద పెడితే జనం ఎద్దుబండి ఎక్కేస్తారని ఆ ఆఫీసు నడిపే ఇంగ్లీషు దొరకు అనుమానమట.

"ఇరవై ఆరే ఏంటికన్నా? ముప్పై పెట్టొచ్చు, ఇరవై పెట్టొచ్చు," అన్నాడు తమ్ముడు.

"దొర దేశంలో అంత దూరం పరుగుందంట. మారతాన్ అంటారంట."

"ఏమీ? మారండహళ్ళా?"

"మారతాన్ రా."

"మారండహళ్ళి అనే అనుకుందాం. ఆడికి పోయొచ్చినోడు మనూర్లో శానామంది ఉండారు. ఆ ఇంకోదానికి పోయినోడు ఒగడూ లేడు."

ఆ పేరు అలాగే నిలిచిపోయింది. మా ఇంట్లో అది మారండహళ్ళి పరుగు. పరీక్షకు పదకొండు వారాల గడువుంది.

నేను లెక్క వేశాను. ఐదు గంటలంటే మూడు వందల నిమిషాలు. ఇరవై ఆరుతో భాగిస్తే మైలుకు పదకొండున్నర నిమిషాలు, పైన రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు వదిలేశాను. మైలుకు పదకొండున్నర నిమిషాలంటే గొప్ప వేగం కాదు. ఒక మైలు మా మరదలు కూడా పరిగెత్తగలదు. ఇరవై ఆరు సార్లు అదే వేగం నిలబెట్టడమే పని. నా దగ్గర గడియారం లేదు. గ్యాంగులో ఇచ్చిన గడియారం పట్టాలతో పాటే వాపసు పోయింది. అందుకని ఒక కొబ్బరి చిప్పకు అడుగున సన్నని బెజ్జం పెట్టి, నీళ్ళ కుండలో తేలేసి, తాలూకా కచేరీలో కొట్టే గంటకు సరిచూసుకుంటూ, బెజ్జాన్ని కొంచెం కొంచెం పెద్దది చేస్తూ పోయాను. మూడు చిప్పలు పాడయ్యాయి. నాలుగోది ఐదు గంటల్లో ఇరవై ఆరు సార్లు, అంటే సరిగ్గా పదకొండున్నర నిమిషాలకోసారి మునిగింది.

నా భార్య చూసి, "పట్టాలు పోయినాక మా ఇంటాయన చేతికి చిప్పొస్తాదని నాకు తెలుసు," అంది. ఆ వారమంతా పెరట్లో అదే నవ్వు.

పట్టాలు పీకేసిన కట్ట పరుగుకు బాగుండేది. మైలురాళ్ళు అక్కడే ఉన్నాయి. స్లీపర్లు ఉన్నచోట గుంటలు పడి ఉంటే రెండు రోజులు కూర్చుని ఇద్దరం ఒక మైలు మేర పూడ్చాం. వాడు తెల్లవారుజామున లేచి, మేకలకు ఆకు వేసి, కట్ట మీదికి వచ్చేవాడు. నేను ఒక మైలురాయి దగ్గర కుండ, చిప్ప పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వాడు అవతలి రాయి దాకా పోయి తాకి వచ్చేసరికి చిప్ప రెండుసార్లు మునగాలి. మొదటి వారం రోజుకు నాలుగు మైళ్ళు. ఆ తర్వాత వారానికి రోజుకు మైలు చొప్పున పెంచాను. పెద్ద పరుగు ఆదివారం మాత్రమే. పని ఉన్న రోజు పరుగు అయిపోగానే వాడు గోడ పనికి పోయి సాయంత్రం దాకా రాళ్ళు మోసేవాడు. ఆ రాళ్ళ బరువు నా లెక్కలోకి రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది మొదటి తప్పు. వాడి కాళ్ళు రోజుకు నాలుగు మైళ్ళు నడవలేదు, నాలుగు మైళ్ళు పరిగెత్తి ఎనిమిది మైళ్ళు మోశాయి.

"నీ చిప్పకు నాకంటే ఆకలెక్కువన్నా. తొందరగా మునుగుతాంది," అనేవాడు ఆయాసపడుతూ.

"అది తొందరపడలే. నువ్వే అవతలి రాయికాడ బీడీ తాగినావు."

"దూరం నుంచి పొగ కనిపిస్తాదా నీకు?"

"లెక్కలో కనిపిస్తాది."

మైళ్ళు నేను పైకి చెబుతూ ఒక్కొక్క గులకరాయి పక్కకు జరిపేవాణ్ణి. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మా వాళ్ళు ఎలా చెబుతారో అలాగే చెప్పేవాణ్ణి. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. ఆరు తర్వాత వచ్చే అంకెను నోట పలకరు. ఆ మాటకు ఏడవమనే అర్థం కూడా ఉంది కదా, రాశి ముందు అది పలికితే ఇల్లు ఏడుస్తుందని నమ్మకం. అందుకని ఆరున్నొకటి అంటారు. పదహారు తర్వాత పదహారున్నొకటి. చిన్నప్పటి నుంచి ఊళ్ళో కళ్ళాలకు కొలవడానికి నన్ను పిలిచేవాళ్ళు. గ్యాంగులో కంకర బుట్టలు కూడా అలాగే చెప్పాను. నాకు నమ్మకం ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేవాణ్ణి. నోరు మాత్రం అలా అలవాటు పడిపోయింది.

ఆరో వారంలో పదహారు మైళ్ళ దగ్గర వాడి పిక్కలు పట్టేశాయి. కట్ట మీద పడి గడ్డి పట్టుకుని అరిచాడు. తర్వాతి ఆదివారం కూడా అంతే. అంబలిలో ఉప్పు ఎక్కువ వేసి రెండు మైళ్ళకోసారి గుక్కెడు చొప్పున తాగించి చూశాం. ఉలవకట్టు తాగించి చూశాం. అంబలి పనిచేసింది. రేషను రాగులు మా ఇద్దరి ఇళ్ళకూ చాలీచాలకుండా వచ్చేవి. మా మరదలు తన వాటా అంబలి తగ్గించుకుని వాడికి పోస్తోందని నా భార్య చెప్పింది. కడుపుతో ఉన్న మనిషి. నేను మా ఇంటి నుంచి రోజుకు రెండు పిడికిళ్ళు పంపించాను. రెండు పిడికిళ్ళంటే ఎంతో నాకు తెలుసు కాబట్టి చాలవని కూడా తెలుసు.

తొమ్మిదో వారంలో ఇరవై రెండు మైళ్ళు చేశాడు. ఇరవై మూడో గులకరాయి జరపకుండానే నేను ఆపేశాను.

"ఇంగా పోతా," అన్నాడు.

"ఆ నాలుగూ దాచిపెట్టు. ఆ పొద్దు కావాల."

వాడు కుండలో మొహం ముంచి లేచి, "మారండహళ్ళి కనిపిస్తాందన్నా," అన్నాడు. వాడు ఆ పని తప్పక తెచ్చుకుంటాడని మొదటిసారి అప్పుడే నమ్మాను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం మా మరదలు నా దగ్గరికి వచ్చి నిలబడింది. మామూలుగా ఆమె నాతో ఎదురుగా మాట్లాడదు, గుమ్మం చాటు నుంచి చెబుతుంది.

"బావా, రేపు అరవోళ్ళంతా ఓడు ఓడు అని అరుస్తారు."

"పరిగెత్తమని కదమ్మా వాళ్ళ మాట."

"తెలుసు. నా చెవికి మాత్రం ఓడిపొమ్మన్నట్టే ఇనిపిస్తాది. వాళ్ళ నోరు నేను పట్టుకోలేను. మీరు మాత్రం ఆ అంకె అనాకండి. కళ్ళంలో చెప్పినట్టే చెప్పండి బావా."

"అట్లనే చెబుతాలే, పో," అన్నాను. ఆమె అడగకపోయినా అలాగే చెప్పేవాణ్ణి.

పొద్దున ఆరు గంటలకు మొదలు. యుద్ధకాలంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు కాబట్టి కొత్త ఆరంటే పాత ఐదు. చీకటి పూర్తిగా విడలేదు. స్టేషను ఆవరణ చుట్టూ సున్నం గీత. ముందురోజే నేను గొలుసు పట్టి కొలిచి చూశాను. ఎనభై గొలుసులుంటే మైలు. తొమ్మిది అడుగులు తక్కువ వచ్చింది. ఇరవై ఆరు చుట్లకు రెండు వందల ముప్పై నాలుగు అడుగులు మాకు లాభమని ఎవరికీ చెప్పలేదు.

పరిగెత్తేవాళ్ళు పదకొండు మంది. ప్రతివాడూ తన లెక్క చెప్పే మనిషిని తెచ్చుకోవాలి. తన మనిషి గీత దాటగానే ఆ మనిషి గట్టిగా కేక వేస్తే, పందిరి కింద కూర్చున్న గుమాస్తా ఆ పేరు ఎదురుగా ఒక గీత గీస్తాడు. ముగ్గురు గుమాస్తాలు. మా గుమాస్తా నలుగురి గీతలు చూసుకోవాలి. అరవ మనిషి, నా ఈడువాడే, ముక్కు మీద కళ్ళద్దాలు. "ఏ భాషలో అయినా అరవండి, గట్టిగా అరవండి. ఎవరి గొంతు ఎవరిదో నాకు తెలియాలి," అని అరవంలో చెప్పాడు.

తమ్ముడు మొదటి చుట్టు తిరిగి గీత దాటాడు.

"లాభం!" అని అరిచాను.

గుమాస్తా తలెత్తి నవ్వాడు. "లాబమా? సరి సరి." గీత గీశాడు. అరవవాళ్ళు కూడా వడ్లు కొలిచేటప్పుడు లాభంతోనే మొదలుపెడతారు. ఇతనికి మన పద్ధతి తెలుసు అనుకున్నాను. నాకు ధైర్యం వచ్చింది.

రెండు, మూడు, నాలుగు, ఐదు. ఎండ ఇంకా రాలేదు. వాడు ఎవరినీ దాటలేదు, ఎవరి వెంటా పడలేదు. నేను చెప్పినట్టే సమంగా పోతున్నాడు. పక్కన ఉన్న లెక్కమనిషి, ఒక పోటీదారుడి మేనమామ, నన్ను గేలి చేశాడు.

"ఏమప్పా, నీ తమ్ముడు పందేనికి వచ్చినాడా, మేకలు తోలుతున్నాడా?"

"మేకలైతే పదిహేనో చుట్టుకాడ మీవోణ్ణి మేస్తాయి, సూస్తా ఉండు," అన్నాను. అది పదమూడో చుట్టులోనే జరిగింది. ఆ మేనమామ మనిషి కూర్చుని వాంతి చేసుకున్నాడు, తర్వాత లేచి నడిచాడు.

ఆరు. తర్వాతి చుట్టులో తమ్ముడు గీత దాటగానే "ఆరున్నొకటి!" అని అరిచాను. గుమాస్తా వైపు నేను చూడలేదు. చూడవలసింది. గుంతల దగ్గర పదహారేళ్ళు, నేను ఒక అంకె చెప్పిన ప్రతిసారీ రాసేవాడి చేతి వైపు చూసేవాణ్ణి. చేయి కదిలాకే తర్వాతి గుంతకు పోయేవాణ్ణి. ఆ రోజు నా కళ్ళు తమ్ముడి కాళ్ళ మీద ఉన్నాయి. ఎడమ పాదం కొంచెం బయటికి పడుతోంది. అది నొప్పా, అలవాటా అని చూస్తున్నాను.

పదమూడో చుట్టుకు దొర గడియారంలో రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. పదిహేను, పదహారు, పదహారున్నొకటి. ఎండ వచ్చింది. చుట్టూ జనం చేరి "ఓడు, ఓడు!" అని అరుస్తున్నారు. స్టేషను గోడ నీడలో మా మరదలు రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. అంబలి చెంబు నా భార్య అందిస్తోంది. ఇరవైకి మూడు గంటల నలభై మూడు. పదకొండు మందిలో ఐదుగురు మిగిలారు. ఇరవై రెండు దాటాక వాడి మొహం నాకు తెలియని మొహంలా మారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడడం లేదు. ఇరవై ఐదు. ఇరవై ఆరు.

"ఇరవై ఆరు!" అని అరిచి చివరి గులకరాయి జరిపాను. నాలుగు గంటల యాభై ఒక్క నిమిషాలు. తొమ్మిది నిమిషాలు మిగిలాయి. వాడికంటే ముందు ముగించినవాడు ఒక్కడే. రెండు ఉద్యోగాలు. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. మా మరదలు లేచి నిలబడింది.

గుమాస్తా కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. "ఇరుపత్తినాలు," అన్నాడు. "ఇంకా రెండు చుట్లు."

"ఇరవై ఆరు అయినాయి," అన్నాను అరవంలో. గులకరాళ్ళు చూపించాను.

"రాళ్ళు నువ్వు పెట్టుకున్నావు. కాగితంలో ఇరవై నాలుగు."

తమ్ముడు తల ఎత్తకుండానే అడిగాడు. "ఏమంటాడన్నా?"

"రెండు తక్కువంటాడు."

వాడు ఒక్క క్షణం నిలబడి చూశాడు. నా వైపు కాదు, సున్నం గీత వైపు. "నువ్వు మాట్లాడుతా ఉండు. నేను పోతాంటా," అని మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిది నిమిషాల్లో రెండు మైళ్ళు ఎవరూ పోలేరని లెక్క రానివాడికైనా తెలుసు. అయినా పోయాడు.

నేను కాగితం అడిగి చూశాను. ఐదేసి గీతల కట్టలు. ఎక్కడ పోయాయో గీతలు చెప్పవు. "ఎక్కడ తప్పింది?" అని గుమాస్తాను అడిగాను.

అతను కొంచెం ఆలోచించాడు. "నువ్వు ఆరు అన్నావు, గీశాను. తర్వాత మళ్ళీ ఆరు ఏదో అన్నావు. ముందుది నాకు వినపడలేదనుకుని మళ్ళీ చెబుతున్నావనుకున్నాను. పదహారు కూడా అంతే, రెండుసార్లు అన్నావు."

ఆరు అనే మాట మా భాషలోనూ ఆరే, వాళ్ళ భాషలోనూ ఆరే. ఆరున్నొకటిలో అతనికి ఆరు వినిపించింది, ఒకటి వినిపించలేదు. అరవంలో ఆ తర్వాతి అంకెకు ఏడవడంతో సంబంధం లేదు. నేను రోజూ అంగట్లో వాడే అరవంలో ఏళు అని ఒక్క మాట అరిచి ఉంటే సరిపోయేది.

దొర దగ్గరికి పోయి అంతా చెప్పాను. పక్కనున్న ఉద్యోగి ఇంగ్లీషులో చెప్పాడు. దొర శ్రద్ధగానే విన్నాడు, నవ్వలేదు. ఈలోగా ఆ మేనమామ ముందుకొచ్చి, "రేపు మా వాడు కూడా ఆరు మూడుసార్లు చెప్పినాడంటాను, ఒప్పుకుంటారా?" అని అరిచాడు. దొర చెప్పిందాన్ని ఉద్యోగి అరవంలో తిప్పాడు. "లెక్క చెప్పినవాడు పరిగెత్తినవాడికి అన్న. రాసినవాడు ఎవరికీ ఏమీ కాడు. రాసిందే లెక్క."

ఇందులో తప్పేమీ లేదు. గ్యాంగులో ఉన్నప్పుడు ఒక ముసలామె తన గుంత అడుగు లోతు ఎక్కువుందని, నేను తక్కువ చెప్పానని రెండు రోజులు నా వెంట తిరిగింది. రాసిందే లెక్క అని నేనే ఆమెకు చెప్పాను. ఆ గుంత నేను మళ్ళీ కొలవలేదు.

తమ్ముడు ఇరవై ఎనిమిదో చుట్టు ముగించేసరికి ఐదు గంటల ఇరవై రెండు నిమిషాలు. అప్పటికే ఇంకొకడు గడువులోపల ముగించాడు. ఇద్దరి పేర్లూ రాసుకుని పందిరి విప్పుతున్నారు. గీత దాటాక వాడు నాలుగు అడుగులు పక్కకు నడిచి గోడకు చేరగిలబడి జారిపోయాడు. మేము నీళ్ళు పోశాం.

"ఎన్నన్నా?" అన్నాడు కాసేపటికి.

"ఇరవై ఎనిమిది."

"అట్లయితే మారండహళ్ళి దాటిపోయినా," అని నవ్వబోయి దగ్గాడు.

మూడు రోజులు లేవలేదు. మూత్రం కషాయం రంగులో వచ్చింది. మా మరదలు ఆ మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ పిండుతూ, "ఆ గుమాస్తా చేతులు పడిపోను. ఎవరికాడనో తిని రెండు గీతలు మింగినాడు," అంది. తమ్ముడు కళ్ళు మూసుకునే, "వాని రాత వానిదిలే," అన్నాడు. అసలు ఏం జరిగిందో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అప్పుడు ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కళ్ళంలో చెప్పినట్టే చెప్పమని నన్ను అడిగింది ఈ మనిషే. నేను చెబితే ఆ మాట ఎవరిదో ఆమెకు వెంటనే తెలుస్తుంది. కడుపులో ఎనిమిదో నెల. తర్వాత చెబుదాంలే అనుకుని ఊరుకున్నాను.

వాడు లేచి తిరిగిన వారానికి కూలీల మేస్త్రీ వీధిలోకి వచ్చాడు. "ఇరవై ఎనిమిది మైళ్ళు ఓడిన ఆళు ఈ వీధిలోనే ఉన్నాడంట, ఎవరు?" అని అరవం కలిపి, పరిగెత్తిన మనిషి కోసం అడుగుతూ వచ్చాడు. తమ్ముడు అరుగు మీది నుంచి లేచాడు. ఆ రోజు లోపల గిన్నెల చప్పుడు రాలేదు.

పెద్ద లైను మీది మొరప్పూరు స్టేషనులో వాణ్ణి బండెక్కించాను. మా తాలూకా నుంచి పంతొమ్మిది మంది. కిటికీలోంచి వాడు నా చేయి పట్టుకుని, "నువ్వేం బాధపడాకన్నా. నీ లెక్క సరిగ్గానే ఉండె. ఆ నాకొడుకు చెవిటోడు," అన్నాడు. బండి కదిలింది. అప్పుడు చెప్పి ఉంటే వాడు కోప్పడేవాడు కాదు. వాడి స్వభావం నాకు తెలుసు. అందుకే చెప్పకపోవడం ఇంకా తప్పు.

వాడు బండెక్కిన ఇరవై మూడో రోజున కొడుకు పుట్టాడు. తమ్ముడి నుంచి మూడు కార్డులు వచ్చాయి, ఎవరో అరవంలో రాసిపెట్టినవి. మూడో కార్డులో కొండల మధ్య రోడ్డు వేస్తున్నామని, దోమలు ఎక్కువని, పిల్లవాడికి ఎవరి పోలిక వచ్చిందని ఉంది. నాలుగోది అచ్చు కాగితం. జ్వరంతో పోయాడని రెండు వాక్యాలు, ఒక ముద్ర. ఎక్కడ పూడ్చారో లేదు.

ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. మా మరదలు, పిల్లలు ఇప్పుడు మా పొయ్యి మీదే తింటున్నారు. దీన్ని తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో దీన్ని చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అరవంలో రాస్తే వీధిలో ఎవరైనా చదివి ఆమెకు చెబుతారు.

మొన్న నెలలో ఆమెతో కలిసి రేషను అంగడికి పోయాను. వరస మా దాకా వచ్చేసరికి కొలిచే చోట ఆ గుమాస్తా ఉన్నాడు. ఆఫీసు మార్చి ఇక్కడికి వేశారేమో. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టాడు, తల కొంచెం వంచాడు. ఆమె కూడా గుర్తుపట్టింది. సంచి పట్టుకుని నిలబడి, గొంతు ఎత్తకుండా, తెలుగులో అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. అతని చేతుల గురించి, అతని ఇంటి గురించి, అతని పిల్లల గురించి. ఒక్క మాట తడబడలేదు. ఇన్నేళ్ళు ఆ మాటలు లోపల వరసగా పెట్టుకుని ఉన్నట్టుంది.

అతనికి అర్థం కాలేదు. చేతిలో కొలత అలాగే పట్టుకుని నా వైపు చూసి అరవంలో అడిగాడు. "ఏమంటోంది?"

"రాగుల్లో రాళ్ళున్నాయంటోంది," అన్నాను.

అతను ఆ కొలత వెనక్కి పోశాడు. లోపలికి పోయి వేరే బస్తా విప్పి, చేట తెప్పించి, మా రాగులు చెరిగించాడు. వెనకాల వరస గొణిగింది. అతను పట్టించుకోలేదు. తన వేళ్ళతోనే రెండు మూడు రాళ్ళు ఏరి పారేసి, కొలిచి ఆమె సంచిలో పోశాడు. ఆమె అతని మొహం చూడకుండా సంచి మూతికి ముడి వేసుకుంది.